పండుగ వంట – ముందేర్పాటు

పఠనభాగములు: నిర్గమకాండము 12:1–11, నెహెమ్యా 8:9–12, లూకా 10:38–42

పాఠోద్దేశము: క్రిస్మసు భోజనమును ముందుగా ఏర్పరచుకొనుటవలన ఇంటివారందరును, ముఖ్యముగా వంట చేయువారు, ఆరాధనలో పాలుపొందుట.

మా చిన్ననాట క్రిస్మసు ఉదయమున మేమందరము క్రొత్త బట్టలు ధరించి నాన్నగారితో గుడికి పోవుచుంటిమి. అమ్మ మాత్రము ఇంటనే యుండెడిది. పండ్రెండు గంటలకు బంధువులు వత్తురు. అప్పటికి వంట సిద్ధము కావలెను. మేము తిరిగి వచ్చినంతనే ఆమె పొయ్యియొద్దనుండియే, “ఈవేళ అయ్యగారు ఏం చెప్పారురా?” అని అడిగెడిది. ఒక సంవత్సరము మా తమ్ముడు, “గుర్తులేదమ్మా” అనుచు, అరిసె చేతబట్టుకొని బయటికి పరుగెత్తెను. ఆమె మారుపలుకక కూర కలియబెట్టుకొనెను.

నాన్నగారు ఆ మాట వినిరి. మరుసటి సంవత్సరము డిసెంబరు మొదటి వారమున ఆయన ఒక కాగితముమీద పండుగ పనుల పట్టిక వ్రాసిరి. దాని మొదటి పంక్తి యిది: 25వ తేదీ, తొమ్మిదిన్నరకు ఆరాధన, అమ్మ వెళ్లవలెను. తక్కిన పంక్తులన్నియు ఆ పంక్తికి లోబడి వ్రాయబడినవి. ఈ పాఠము ఆ కాగితమునుండి పుట్టినది.

1. పస్కా నేర్పు లెక్క

వంటకముల పట్టిక వ్రాయుట లోకసంబంధమైన పనియని కొందరు తలంచుదురు. అయితే నిర్గమకాండము 12వ అధ్యాయమును చదువుడి. ఐగుప్తునుండి విడిపించు రాత్రికి దేవుడే భోజనమును నిర్ణయించెను: కాల్చిన మాంసము, పొంగని రొట్టెలు, చేదుకూరలు, అంతే. పదియవ దినమున గొఱ్ఱెపిల్లను ఏర్పరచి పదునాలుగవ దినమువరకు ఉంచుకొనవలెను. అనగా నాలుగు దినముల ముందేర్పాటు. ఒక్కొక్కడు ఎంత తినునో లెక్క చూడవలెను. చిన్న కుటుంబమైనచో పొరుగు కుటుంబముతో కలిసికొనవలెను. ఉదయమువరకు దేనిని మిగుల్చుకొనరాదు.

మరియొక సంగతి గమనింపుడి. ఆ రాత్రి అందరును నడుము కట్టుకొని, చెప్పులు తొడుగుకొని భుజించిరి. వండిన స్త్రీయు వారితోకూడ ప్రయాణమునకు సిద్ధముగా నుండెను. ఆమెను పొయ్యియొద్ద విడిచి ఎవరును బయలుదేరలేదు. మన పండుగ పట్టికకు ఇదియే మాదిరి.

2. ఎందరికి, ఎంత?

మొదట భోజనమునకు వచ్చువారి సంఖ్య వ్రాసికొనుడి. పెద్దలకొకనికి 125 గ్రాముల బియ్యము, ఎముకతోకూడిన కోడిమాంసము 200 గ్రాములు సామాన్యముగా చాలును. పిల్లలకు అందులో సగము. పండ్రెండుమంది పెద్దలకు కిలోన్నర బియ్యము, రెండున్నర కిలోల మాంసము, పాయసమునకు లీటరున్నర పాలు సరిపోవును. ఈ లెక్క లేనప్పుడు, చాలదేమోయను భయముతో రెండింతలు వండుదుము, మరునాడు పారవేయుదుము. అయిదువేలమందిని తృప్తిపరచిన ప్రభువు, ముక్కలు వ్యర్థము కాకుండ పోగుచేయుడని చెప్పెనని మరువరాదు (యోహాను 6:12).

పులావు, కోడికూర, ఒక కాయగూర, పెరుగు పచ్చడి, గారెలు, సేమ్యా పాయసము: ఇది నిండైన పండుగ భోజనమే. దీనికి తోడు వేపుడు, చేపల పులుసు, మరి రెండు తీపివంటలు చేర్చినచో రుచి పెరుగదు. శ్రమయు ఖర్చును పెరుగును. చక్కెరవ్యాధిగల పెద్దలు ఇంట నున్నచో వారికి తగిన పదార్థమును మొదటనే పట్టికలో చేర్చుడి. తుదకు గుర్తుచేసికొని వారి ముందు చప్పిడి కూడు పెట్టకుడి.

పిమ్మట ఖర్చు. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను (లూకా 14:28–30). “అప్పుచేసి పప్పుకూడు” అను సామెత పండుగనాడు మాంసమునకును వర్తించును. డిసెంబరు విందుకొరకు చేసిన అప్పు మార్చి నెలలో బిడ్డల పరీక్ష రుసుమునకు అడ్డుపడిన యిండ్లు మనలో లేవా?

3. ఏది ఎప్పుడు?

నిలువయుండు పదార్థములను ముందుగా చేసికొనుటయే కీలకము.

18–20 తేదీలు: జంతికలు, సున్నుండలు, గులాబీ పువ్వులు. గులాబీ అచ్చును నూనెలో బాగుగా కాగనిచ్చి, పిండిలో ముప్పాతికవరకే ముంచవలెను; పూర్తిగా మునిగినచో పువ్వు విడిరాదు.

21–22: అరిసెలు. నానిన బియ్యమును తడి ఆరకమునుపే పిండి కొట్టవలెను. పాకము ముదిరినచో అరిసె గట్టిపడును. లేతదైనచో నూనెలో విరిగిపోవును. కాబట్టి ఈ పనికి తొందరలేని దినమును ఏర్పరచుకొనుడి.

23: కేకు. మసాలాపొడి, అల్లము వెల్లుల్లి ముద్ద.

24: సాయంకాలము ఇడ్లీపిండి రుబ్బి యుంచుడి, ఉదయపు ఫలహారమునకు చింత యుండదు. ఉల్లిపాయలు తరిగి, గారెలకు మినపప్పు నానబెట్టుడి. పాటల బృందము రాత్రి వచ్చునని తెలిసినచో, తేనీరుతోకూడ ముందే చేసిన జంతికలు చాలును.

25: ఆరాధనకు పోవుటకు ముందు కూర వండి మూతపెట్టి పోవుట వాడుక. వండిన పదార్థము బయట రెండు గంటలకు మించి యుండరాదని ఆరోగ్యశాస్త్రము బోధించుచున్నది. కావున మాంసమునకు మసాలా పట్టించి శీతలపేటికలో నుంచి, ఆరాధననుండి వచ్చిన పిమ్మట వండుడి. శీతలపేటిక లేనివారు గుడినుండి వచ్చునప్పుడే మాంసము కొనవచ్చును. భోజనము ఒంటిగంటకు బదులు రెండు గంటలకైనచో బంధువులకు ముందుగా తెలుపుడి, ఎవరును నొచ్చుకొనరు.

26: పప్పుచారు, అన్నము. కడుపునకును చేతులకును విశ్రాంతి.

4. ఎవరు చేయవలెను?

మార్త గద్దింపబడినది వండినందుకు కాదు. అనేకమైన పనులచేత తొందరపడి, ప్రభువు మాట వినుటకు తీరిక లేకపోయినందుకు. అయితే ఆ యింట ఆమెకు సహాయము చేసినవారు ఎవరని మనము అడుగవద్దా? మార్తను నిందించి, ఆమె వండిన కూరను మెచ్చుకొని తినుట న్యాయము కాదు. పట్టికలో ప్రతి పనికి ఎదురుగా ఒక పేరు వ్రాయుడి. కొబ్బరి కోరుట, ఉల్లిపాయలు తరుగుట, గిన్నెలు తోముట మగవారికిని మగపిల్లలకును తగని పనులు కావు.

5. పొరుగువారి పాలు

నెహెమ్యా కాలమున జనులు భుజించి త్రాగుటయే గాక, ఏమియు సిద్ధము చేసికొనని వారికి భాగములు పంపిరి. విందు చేయునప్పుడు తిరిగి పిలువలేని బీదలను పిలువుమని ప్రభువు ఆజ్ఞాపించెను (లూకా 14:12–14). మిగిలినది పంపుట భాగము కాదు. పండ్రెండుమంది వత్తురని తెలిసినప్పుడు పదునలుగురికి లెక్క వేసి, ఆ ఇద్దరి పాలు ముందే తీసి యుంచుటయే భాగము.

అరిసెలు మన పొరుగువారి సంక్రాంతికిని మన క్రిస్మసుకును ఉమ్మడి వంట. మాంసము, గ్రుడ్లు ముట్టని పొరుగువారికి కేకు గాక అరిసెలు, సున్నుండలు పంపుట మర్యాద. మిజోరములో క్రిస్మసు దినములయందు ఊరి సంఘమంతయు ఒక్కచోట కూడి భుజించు సామూహిక విందు ఆచారమై యున్నది. ఉద్యోగరీత్యా ఖరగ్‌పూరులోనో, భిలాయిలోనో, ముంబయిలోనో ఒంటరిగానున్న మన తెలుగు కుటుంబములు ఇద్దరు ముగ్గురు కలిసి వంట పంచుకొనిన యెడల, పస్కా పశువును పంచుకొనిన చిన్న కుటుంబముల దీవెన వారికిని కలుగును.

మా యింటి సంగతి ముగించెదను. ఆ సంవత్సరము భోజనము గంట ఆలస్యమైనది, వేపుడు లేదు, గారెలు కొన్ని మాడినవి, అవి నాన్నగారు వేసినవి. అందరము కూర్చున్న పిమ్మట తమ్ముడు అలవాటుచొప్పున, “అయ్యగారు ఏం చెప్పారమ్మా?” అని ఆమెనే అడిగెను. అమ్మ చేయి కడుగుకొని, వచ్చి మా నడుమ కూర్చుండి, మొదటినుండి చెప్పనారంభించెను.

ఆలోచింపుడి, చర్చింపుడి

1. గత క్రిస్మసున మీ యింట ఆరాధనకు రాలేకపోయినవారు ఎవరు? ఏ పని వారిని ఆపినది?

2. మీ పట్టికనుండి తీసివేయదగిన ఒక వంటకము ఏది?

3. ఈ సంవత్సరము మీ లెక్కలో చేర్చదగిన ఆ ఇద్దరు ఎవరు?