బొమ్మ వెలుపలి కోఁతగీఁత

ఒక పర్యాయము నా తరగతి బాలుఁడొకఁడు చక్కని నెమలిని చిత్రించెను. దానిని అంటుకాగితముపై ముద్రించి, కోఁతయంత్రముచేఁ గోయించితిని. కోఁతగీఁతను సరిగా బొమ్మ యంచుననే యుంచితిని. యంత్రములో కాగితము ఇంచుక జరుగఁగానే నెమలి ముక్కుకొన తెగిపోయెను. తోకవైపున తెల్లని చార మిగిలెను. బాలుఁడేమియు ననలేదు; తెగినచోటును వ్రేలితో తడవి చూచెను. ఆ తప్పు నాది. మీ చేత నట్టి తప్పు జరుగకుండుటకై యీ పాఠమును వ్రాయుచున్నాను.

ఛాయాచిత్రము రంగుచుక్కల సముదాయము. అందు గీఁత మన కన్నులకుఁ దోఁచునే కాని నిజముగా లేదు. యంత్రపుకత్తి రంగులను జూడదు, గీఁతనే యనుసరించును. కావున గణితముచే నిర్ణయింపఁబడిన గీఁతను, అనఁగా వెక్టర్ గీఁతను, మనమే కల్పింపవలెను. 2003వ సంవత్సరమున వెలువడిన ఇంక్‌స్కేప్ అను సాధనము ఉచితముగా లభించును. అందలి పద్ధతి యిది.

1. బొమ్మను తెల్లని నేపథ్యముపై నుంచి, ‘పాత్’ పట్టికలోని ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ను ఎన్నుకొనుఁడు. ‘బ్రైట్‌నెస్ కటాఫ్’ సంఖ్యను క్రమముగాఁ బెంచినచో లేఁతరంగులు సయితము నల్లని ఛాయలోఁ జేరును.

2. ఆ ఛాయలో నెమలి కన్ను రంధ్రముగా మిగిలియుండవచ్చును. అట్లే విడిచిన కత్తి కన్నునుగూడఁ గోసివేయును. ‘బ్రేక్ అపార్ట్’చే భాగములను విడఁదీసి, అన్నిటిని ఎన్నుకొని ‘యూనియన్’చేఁ గలిపినచో రంధ్రములు పూడిపోవును.

3. ‘ఔట్‌సెట్’చే అంచును వెలుపలికి జరుపుఁడు. చిన్నబొమ్మకు 2 మిల్లీమీటర్లు చాలును.

4. లోపలి రంగును తీసివేసి, సన్నని గీఁతను మాత్రము నిలిపి, దానిని వేఱు పొరలో నుంచుఁడు. ముద్రించునపు డా పొరను దాఁచవలెను.

ఇచ్చట నొక సందేహము కలుగవచ్చును. “ఛాయనే కొంత పెద్దదిగాఁ జేసినఁ జాలదా?” చాలదు. పెంచినపుడు ప్రతిబిందువును నడుమనుండి దూరముగాఁ బోవును. నెమలిముక్కు పైభాగమున నున్నది కాఁబట్టి, దాని క్రింది గీఁతయు పైకి జరిగి ముక్కునే కోయును. ‘ఔట్‌సెట్’ చేసినపుడో, అంచు అన్నివైపుల సమానదూరమునఁ దొలఁగును. బొమ్మను పెంచుట వేఱు. అంచును జరుపుట వేఱు.

ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలను జేయువారు కలరు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమునఁ బద్మశ్రీ పురస్కారము లభించినది. వారు మేఁకతోలుపై రూపమును గీసి, వెలుపలి యంచును గోసి, నగలున్నచోట్ల సన్నని రంధ్రములు చేయుదురు. తెరవెనుక దీపము వెలుఁగఁగా నా రంధ్రములే నగలై మెఱయును. అచ్చట రంధ్రము అందము. మన యంటుబొమ్మలో నదియే దోషము. పనియొక్క ప్రయోజనము నెఱిఁగి కోఁతను నిర్ణయింపవలెనని దీని భావము.

మన కొత్తపల్లె బాలురకు ఆళ్ళగడ్డ శిల్పుల పని క్రొత్త గాదు. ఉలిదెబ్బకుఁ బోయిన రాయి తిరిగి రాదు. తెగిన కాగితమును నంతే. అందుచేతనే గీఁతకును బొమ్మకును నడుమ కొంత చోటు విడువవలెను. రెండవసారి యట్లు విడిచి కోయించితిని. కాగితము మరల జరిగినది కాని, నెమలికి హాని కలుగలేదు. బాలుఁడు దానిని తన పలకపెట్టెపై నంటించుకొనెను.

అభ్యాసము: ఒక ఆకును, ఒక కుర్చీని చిత్రించి కోఁతగీఁతలు గీయుఁడు. కుర్చీకాళ్ళ నడుమ చోటును గోయవలెనా, విడువవలెనా? కారణము చెప్పుఁడు.