వెల్లింగ్టన్ వెళ్ళే మేనల్లుడికి



నువ్వు అగ్నివీరుగా ఎంపికయ్యావని మీ అమ్మ ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. సంతోషమో బెంగో నాకు తెలియలేదు, ఆవిడకీ తెలిసినట్టు లేదు. నువ్వు చేరే మద్రాసు రెజిమెంటు 1758 నుంచి నడుస్తోంది. నువ్వెళ్ళి కొత్తగా ఉద్ధరించేదేం లేదు, చెప్పినట్టు చెయ్యి చాలు.

మన పూండిలో సత్యమూర్తి సాగర్ జలాశయం పక్కన 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెత్తావట. సంతోషం. కానీ నీకు శిక్షణ ఇచ్చే వెల్లింగ్టన్ ఆరు వేల అడుగుల ఎత్తున ఉంది. తిరుత్తణి 365 మెట్లూ ఎక్కినా కలగని భక్తి అక్కడ తెల్లారుజామున ఒక్క చెంబు చన్నీళ్ళకే కలుగుతుంది. తడి మేజోళ్ళతో మాత్రం తిరగకు. పొక్కిన మడమకి దేశభక్తి మందు కాదు.

"బొమ్మలేయడం ఎవరికొచ్చు?" అని కవాతు నేర్పే ఉస్తాద్ ప్రేమగా అడిగితే నీ బూట్ల వైపు చూస్తూ ఉండు. మా బ్యాచిలో ఒకడు చెయ్యెత్తాడు. పొద్దుగూకేదాకా చెట్ల మొదళ్ళకి జేగురు, సున్నం పట్టీలు వేశాడు. పని బాగుందని మర్నాడూ పిలిచారు.

మనకి ఇంట్లో తెలుగు, బళ్ళో అరవం. అక్కడ ఆంధ్రా కుర్రాళ్ళు నిన్ను అరవోడంటారు, అరవ కుర్రాళ్ళు గొల్టి అంటారు. రోషపడకు. ఎవరికి ఇంటి నుంచి ఏం తినుబండారాలొచ్చాయో రెండు వైపులా తెలిసేది నీకే. కవాతు మాత్రం హిందీలో. "దాయే ముడ్" అనగానే పక్కవాణ్ణి చూసి తిరగకు, వాడు నిన్నే చూస్తుంటాడు.

మీ అమ్మ ఆవకాయ సీసా ఇవ్వక మానదు. పెట్టె అడుగున దాచినా వాసన దాగదు. మొదటి రాత్రే మూత తీసి అందరి చపాతీల మీదా వడ్డించు. దాచుకున్నా ఎలాగూ తెల్లారేసరికి సీసా ఖాళీయే. నువ్వే పెడితే, తనిఖీ రోజున నీ పక్క దుప్పటి మడత సరిగ్గా లేదని ముందుగా చెప్పేవాడొకడు దొరుకుతాడు.

మాకు పదిహేనేళ్ళు చేస్తే పింఛను. మీకు నాలుగేళ్ళే, ఆపైన నలుగురిలో ఒకరిని మించి ఉంచుకోరు. ఆ లెక్క ఇప్పట్నించీ తలకెక్కించుకుని నిద్ర చెడగొట్టుకోకు. సైన్యంలో నిద్ర చాలా పిరం. జీతంలో 30 శాతం నిధికి కోస్తారు, సర్కారు అంతే కలుపుతుంది. చేతికొచ్చిన మొదటి జీతం మీ అమ్మకి పంపు. రెండోదానితో ఫోను కొనుక్కో. మూడోది రాగానే "మామయ్యా, నీకేమైనా కావాలా" అని ఉత్తరం రాయి. నేను వద్దంటాను, అయినా రాయి.

మీ మామయ్య,
హవల్దార్ (రిటైర్డ్)