బ్రిటనులో ఒకనాటి రేడియో

విద్యార్థులారా! రేడియో యనగానే మనకు పాటలును వార్తలును జ్ఞప్తికి వచ్చును. కాని యొక దేశపు రేడియో కార్యక్రమముల పట్టికను ఉదయము మొదలు రాత్రివరకు శ్రద్ధతో పరిశీలించినచో, ఆ దేశపు ప్రజలు ఏ వేళ నేమి చేయుచుండిరో, వారికేది మేలని పెద్దలు తలచుచుండిరో కూడ గ్రహింపవచ్చును. ఇందుకు దృష్టాంతముగా 1952వ సంవత్సర ప్రాంతమున బ్రిటనుదేశమున గడచిన యొక సామాన్యమైన సోమవారమును తీసికొందము.

ఆ కాలమున ఆ దేశమున రేడియో ప్రసారాధికారము బి.బి.సి. యను నొక్క సంస్థకే యుండెను. 1922వ సంవత్సరమున రేడియో యంత్రములు చేయువారి కంపెనీగా బయలుదేరిన యీ సంస్థ, 1927వ సంవత్సరమున రాజశాసనముచే ప్రజాసంస్థగా మారెను. వర్తకుల ప్రకటనలవలన దానికి రాబడి లేదు. రేడియో గల ప్రతి గృహస్థుడును సాలునకొక పౌను లైసెన్సు రుసుము చెల్లించుచుండెను. ధనికుడును కూలివాడును ఇచ్చిన రుసుము సమానమే గనుక, ఇరువురకును తగిన కార్యక్రమము లుండవలసి వచ్చెను. కార్యక్రమములలోని వైవిధ్యమునకు ఇది ముఖ్యకారణము.

ప్రసారములు మూడు శాఖలుగా నుండెను. 1939లో ప్రారంభమైన హోమ్ సర్వీసునందు వార్తలు, ప్రసంగములు, నాటకములు, పాఠశాలలకు పాఠములు వచ్చుచుండెను. 1945లో నేర్పడిన లైట్ ప్రోగ్రాము వినోదప్రధానము. 1946లో నారంభమైన థర్డ్ ప్రోగ్రాము గంభీరసంగీతమునకును, సాహిత్యమునకును, శాస్త్రచర్చలకును ప్రత్యేకింపబడి, సాయంకాలమునుండి మాత్రమే వినబడుచుండెను.

ఇక మన సోమవారమును చూతము. ఆ దేశపు గృహిణులకు సోమవారము బట్టలుతుకు దినము. పురుషులు పనులకును పిల్లలు బడులకును వెడలిన పిమ్మట, తొమ్మిది గంటలు దాటగానే లైట్ ప్రోగ్రామునందు గృహిణులు ఉత్తరములు వ్రాసి కోరిన గ్రామఫోను రికార్డులు వేయుచుండిరి. పదుంబావునకు హోమ్ సర్వీసున ప్రార్థనకూటము. ఇది 1928వ సంవత్సరమునుండి జరుగుచుండెను. పదిన్నరకు కార్మికులకొరకు సంగీతము. 1940లో యుద్ధసామగ్రి చేయు కర్మాగారములలో శ్రమను మరపించుటకై యారంభించిన యీ కార్యక్రమమునకు కట్టుబాటులు గలవు. యంత్రముల రొదలో వినబడునట్లు శబ్దము ఒకే స్థాయిలో నుండవలయును. నిద్ర తెప్పించు మందగతి పనికిరాదు. చేతిలోని పనిముట్టు విడిచి చప్పట్లు కొట్టించునట్టి పాటయు పనికిరాదు.

పదునొకండు గంటలకు పాఠశాలల వంతు. 1924వ సంవత్సరమునుండియే అచట రేడియో పాఠము లుండెను. 1939లో ప్రారంభమైన సామూహికగాన పాఠమునందు, సంగీతోపాధ్యాయుడు లేని చిన్న పల్లెబడిలోని బాలురును, మహానగరములోని బాలురును ఒకే వేళ నొకే పాటను పాడుచుండిరి.

మధ్యాహ్నము ఒంటిగంట నలుబదియైదు నిమిషములకు అయిదేండ్లలోపు శిశువులకు తల్లియొడిలో కూర్చుండి వినదగిన కథ. రెండు గంటలకు స్త్రీలకొరకు ఒక గంట. ఇది 1946లో మొదలయ్యెను. వంట, శిశుపోషణ, ఆరోగ్యము మొదలగు విషయములు అందు చర్చింపబడుచు, ఒక నవల దినమునకు కొంత చొప్పున చదువబడుచుండెను. నాలుగు గంటలకు ఒక వైద్యుని భార్య దినచర్యగా నడచు ధారావాహిక కథ. అయిదు గంటలకు బడినుండి వచ్చిన పిల్లలకు వారి గంట. ఆరు గంటలకు వార్తలు.

ఆరు గంటల నలుబదియైదు నిమిషములకు ‘ది ఆర్చర్స్’ అను పల్లెటూరి కుటుంబకథ. దీని పుట్టుక తెలిసికొనదగినది. యుద్ధము ముగిసి యేండ్లు గడచినను బ్రిటనులో ఆహారపదార్థములకు రేషను తొలగలేదు; అది 1954వ సంవత్సరమునగాని పూర్తిగా పోలేదు. రైతులకు నూతన పద్ధతులు తెలుపవలసి యుండెను. శుష్కమైన ఉపన్యాసములు ఎవరు విందురు? కావున గాడ్‌ఫ్రీ బేస్లీ యను నతడు వ్యవసాయ విషయములను కథలో పొదిగి, 1951 జనవరి 1వ తేదీనుండి దేశమంతటికిని ప్రసారము చేయించెను. రైతు తనకు కావలసిన సంగతిని వినెను; పట్టణవాసి తనకన్నము పెట్టు రైతు కష్టమును తెలిసికొనెను.

రాత్రి తొమ్మిది గంటలకు బిగ్ బెన్ గడియారపు గంటలు మ్రోగగా దేశము మరల వార్తలు వినెను. అదే రాత్రి థర్డ్ ప్రోగ్రామునందు ప్రాచీన గ్రీకు నాటకమో, సంపూర్ణమైన సంగీతనాటకమో వినగోరువారికి అవకాశ ముండెను.

ఇచట నొక కఠినమైన ప్రశ్న పుట్టుచున్నది. జనులకు కోరినది యీయవలయునా, మేలైనది యీయవలయునా? 1944 మొదలు 1952 వరకు బి.బి.సి.కి డైరెక్టరు జనరలుగా నుండిన విలియమ్ హేలీ, ఈ మూడు శాఖలును ఒక గోపురపు అంతస్తులవంటివనియు, శ్రోతలు క్రిందినుండి పైకి క్రమముగా నెక్కుదురనియు ఆశించెను. ఆశ గొప్పదే. కాని మెట్లుకట్టినంత మాత్రమున జనులు ఎక్కరు. లైటు వినువారిలో పెక్కుమంది లైటునే వినుచుండిరి. థర్డ్ ప్రోగ్రామునకు శ్రోతలు మిక్కిలి కొద్దిమందియే. 1957లో దాని ప్రసారకాలము తగ్గింపబడగా, కవి టి.ఎస్. ఎలియట్ మొదలగువారు దానిని ప్రతిఘటించిరి. 1967లో మూడు శాఖలును పోయి, వాని స్థానమున నాలుగు కొత్త శాఖ లేర్పడెను.

అట్లయిన థర్డ్ ప్రోగ్రాము వ్యర్థమా? కాదు. డిలన్ థామస్ రచించిన ‘అండర్ మిల్క్ వుడ్’ అను శ్రవ్యనాటకము 1954లో దానియందే మొదట ప్రసారమై, ఆంగ్ల సాహిత్యమున నిలిచినది. శ్రోతల సంఖ్య యొక్కటియే గుణమునకు కొలత గాదు. అయినను ‘ది ఆర్చర్స్’ నేర్పు నీతి యింకొకటి గలదు: జ్ఞానమును వేరొక గదిలో పెట్టి తలుపు తెరచియుంచుటకంటె, జనులు కూర్చున్న గదిలోనికే దానిని తెచ్చుట మేలు. ఆ కథయు స్త్రీల కార్యక్రమమును నేటికిని ప్రసారమగుచుండుట గమనింపదగినది.

ఈ చరిత్రతో మన దేశమునకును సంబంధము గలదు. 1935లో బి.బి.సి. నుండి లయొనెల్ ఫీల్డెన్ వచ్చి భారతదేశ ప్రసారశాఖకు అధిపతి యయ్యెను. మరుసటి యేట దానికి ఆలిండియా రేడియో యను పేరు కలిగెను. 1948లో విజయవాడ కేంద్రము వెలసెను. మన రేడియోయందును బాలురకు, స్త్రీలకు, కర్షకులకు వేరువేరు కార్యక్రమము లేర్పడెను.

నేడు వినదగినవియు చూడదగినవియు నాటికంటె లెక్కకు మిక్కిలి. మనకు ప్రియమైనదానినే మరల మరల ముందుంచు సాధనములును కలవు. కావున ఆనాడు కార్యక్రమములు కూర్చినవారిపై నుండిన భారము నేడు వినువారిపై బడినది. విద్యార్థులారా! దినమునకొక్క పావుగంటయైనను మీకు పరిచయము లేని విషయమును ఓపికతో వినుడు. మొదట రుచింపనిది తరువాత మీకత్యంత ప్రియము కావచ్చును.