వృద్ధులలో సెప్సిస్: జ్వరము లేకున్నను అపాయము గలదు

ఇంటిలోని ముసలివారు ఉన్నట్టుండి పొంతన లేని మాటలాడినను, రోజంతయు మగతగా పడియున్నను, "చాదస్తము, వయసు మీదపడినది" అని ఊరకుండుట మన గ్రామములలో పరిపాటి. ఒక్కొక్కప్పుడు అది చాదస్తము కాదు. సెప్సిస్ అను ప్రాణాపాయస్థితికి తొలి గుర్తు.

సూక్ష్మక్రిములు దేహమున ప్రవేశించినప్పుడు దేహము వానితో పోరాడును. ఆ పోరాటము అదుపు తప్పి సొంత అవయవములనే దెబ్బతీయుటయే సెప్సిస్. రక్తపుపోటు పడిపోవును; మూత్రపిండములు, ఊపిరితిత్తులు, మెదడు చెడును. కాలిపుండు, మూత్రపు మంట, ఊపిరితిత్తుల నిమ్ము, పడకపుండ్లు దీనికి మూలములు కావచ్చును. మధుమేహము గలవారికి అపాయము హెచ్చు. 2017లో ప్రపంచమున 4.89 కోట్ల మందికి ఇది సోకెననియు, 1.1 కోట్ల మంది మరణించిరనియు నిపుణుల అంచనా.

పడుచువారికి సాధారణముగా తీవ్రజ్వరము వచ్చును. వృద్ధులకు జ్వరము రాకపోవచ్చును, ఒళ్ళు చల్లబడనూవచ్చును. కావున ఈ గుర్తులను గమనింపవలెను: ఆకస్మికమైన మతిభ్రమ, మగత, వేగముగా ఊపిరి తీయుట, గుండెదడ, వణకు, మూత్రము తగ్గుట, చర్మము చల్లబడి మచ్చలు పడుట.

పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో ఈ విషయము మరింత ముఖ్యము. పాలమూరు పల్లెలనుండి పిల్లలు కూలికై దూరప్రాంతములకు వలసపోగా, ముసలివారు ఒంటరిగా మిగులుదురు. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు నీటివలన వెన్ను వంగి మంచము పట్టిన వృద్ధులున్నారు. మంచినీరు వచ్చినంతమాత్రమున వంగిన ఎముకలు సరికావు. ఇట్టివారిలో మార్పును కనిపెట్టువారు ఇంటిలో లేనిచో, ఆ భారము ఇరుగుపొరుగువారిది, వార్డు సభ్యులది.

పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది ఇది:

1. ప్రతి వార్డులో ఒంటరి వృద్ధుల, మంచము పట్టినవారి జాబితా వ్రాయవలెను. రోజునకొక మారు వారిని పలుకరించుటకు ఒక పొరుగువారిని ఒప్పించి, పిల్లల ఫోను నంబరు వారియొద్ద ఉంచవలెను.

2. పుండును సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి, గుడ్డతో కప్పవలెను. ఆకుపసరులు, బూడిద పూయరాదు. మంచము పట్టినవారిని రెండేసి గంటలకు ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు మరల్చవలెను.

3. ఆశా కార్యకర్త ద్వారా మధుమేహపరీక్ష చేయించి, నిమ్మునకు టీకాలను గూర్చి వైద్యునడుగవలెను.

4. గుర్తులు కానవచ్చిన తక్షణమే 108కి ఫోను చేయవలెను. "తెల్లవారనిమ్ము, ఒక బిళ్ళ వేసి చూతము" అనరాదు. ఆలస్యమైనకొలది అపాయము పెరుగును. ఆసుపత్రిలో "ఇది సెప్సిస్ కావచ్చునా?" అని అడుగుటకు సంకోచింపరాదు. అచట రక్తపరీక్ష చేసి, నరములోనికి సెలైను, క్రిమిసంహారక మందులు ఎక్కింతురు. మహబూబ్‌నగరులో 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. వాని ఆసుపత్రులు జిల్లాకేంద్రములలోనే గలవు.

సెప్సిస్ ఒకరినుండి మరియొకరికి అంటునది కాదు. రోగి దగ్గరకు పోవుటకు భయపడనక్కర లేదు. రాబోవు గ్రామసభలో ఈ గుర్తులను చదివి వినిపింపుడు. రోడ్డు, దీపము, మురుగుకాలువవలెనే, దిక్కులేని వృద్ధుని క్షేమము కూడ పంచాయతీ పనియే.