దొరబావి వంతెన: ఒక విజ్ఞానయాత్ర

యాత్ర వినోదమునకే కాదు. కన్నులతో చదువదగిన పాఠము కూడ. ఈ భావముతో మేము గిద్దలూరు నుండి బయలుదేరి, దిగువమెట్ట దాటి, నల్లమలలో బొగద సమీపమునగల దొరబావి వంతెన స్థలమును దర్శించితిమి. అది పులులు సంచరించు అడవి. అటవీశాఖ అనుమతి లేనిదే పోరాదు.

అచట మాకు కనిపించినది వంతెన కాదు. లోయలో నిలిచియున్న రాతి స్తంభములు మాత్రమే. పైన దూలము లేదు, పట్టా లేదు.

1876-78 నాటి ధాత కరవులో దక్షిణ దేశమున లక్షలాది ప్రజలు మరణించిరి. ధాన్యము ఉన్న చోటినుండి లేని చోటికి వేగముగ చేర్చు సాధనము లేకపోవుట అందుకొక కారణము. పిమ్మట కరవు నివారణకై తలపెట్టిన రైలుమార్గములలో బళ్ళారి-కృష్ణా మార్గమొకటి. నల్లమల దానికి అడ్డు. ఆ అడ్డును దాటుటకై 1884లో ఈ వంతెన ప్రారంభమై 1887లో పూర్తియయ్యెను. ఆకలి నేర్పిన పాఠమునకు ఇది రాతితోను, ఇనుముతోను వ్రాసిన సమాధానము.

ఆ మార్గము మీటరుగేజి. పట్టాల నడుమ వెడల్పు 1000 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజికి 1676 కావలెను. వెడల్పుతోపాటు బండి బరువును పెరుగును. పెద్ద బండికి ఇరుకు మలుపులు పనికిరావు. అందుచే 1990 దశకములో గేజి మార్చినపుడు సొరంగముతో కొత్తదారి వేసి, నూరేండ్లకు పైగా సేవచేసిన వంతెనను విప్పివేసిరి.

ఇంకొక విషయము గమనింపదగినది. గిద్దలూరు, మార్కాపురము పూర్వము కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడగా ఇవి అందు చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చెను. నాటినుండి నల్లమల జిల్లాల నడుమ సరిహద్దైనది. 2022లో నంద్యాలయు వేరు జిల్లా అయ్యెను. కాగితముపై గీత మారినది గాని, కొండకు ఇరువైపుల వియ్యములు, వ్యాపారములు మారలేదు. ఆ బంధమును మోసినది ఈ వంతెనయే. ‘జిల్లా’, ‘సరిహద్దు’ అను మాటలు ఉర్దూ, తెలుగు భాషలు రెండింటను పలుకుదుము. హద్దును తెలుపు మాటలే రెండు భాషలకు వంతెనలగుట వింత కాదా!

ఆ రైలెక్కిన పెద్దలు మన ఇండ్లలో ఇంకను ఉన్నారు. కాని ఏటేట తగ్గుచున్నారు. సోదర విద్యార్థులారా! మీ తాతగారిని, నానీగారిని అడిగి, వారు చెప్పినది ఏ భాషలో చెప్పిన ఆ భాషలోనే వ్రాసి ఉంచుడు. కళాశాల సంఘమువారు ఆ వ్రాతలకు గ్రంథాలయములో ఒక అర కేటాయింపవలెనని మా విన్నపము. ఇనుము పోయినది, జ్ఞాపకమైనను నిలుపుకొందము.