రంగు క్రిందనున్న త్రుప్పు



చాలా సంవత్సరముల క్రిందట మా తండ్రిగారు ఒక పాత అంబాసిడర్ కారు కొనిరి. దాని క్రొత్త రంగును చూచినవారందరు మెచ్చుకొనిరి. నర్సీపట్నమునుండి చింతపల్లి ఘాటు ఎక్కుచుండగా పెద్ద వాన పట్టుకొనెను. నా పాదముల క్రిందికి నీళ్ళు వచ్చెను. ఇంటికి చేరి రబ్బరు మ్యాటు ఎత్తి చూడగా, అడుగు రేకు వ్రేలితో నొక్కినంతనే అప్పడమువలె విరిగెను. అమ్మినవారు లప్పము పెట్టి రంగు వేసిరేగాని కారును బాగుచేయలేదు.

ఆ అంబాసిడర్‌కు ఇంగ్లండులో ఒక బంధువు గలదు. అది ఎం.జి.ఎ. అను రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. అబింగ్డన్ కర్మాగారములో 1955 మొదలు 1962 వరకు ఇట్టివి 1,01,081 తయారయ్యెను. వాటిలో అత్యధిక భాగము విదేశములకే పోయెను. మొదట దానిలో పెట్టిన 1489 సి.సి. బి-సిరీస్ ఇంజను రకమే 1959నుండి మన అంబాసిడర్‌లోను వాడబడెను. ఎం.జి.ఎ.లో వేగముకొరకు దానికి రెండు కార్బ్యురేటర్లు అమర్చిరి. ఒకే వంశపు ఇంజను అక్కడ పందెములకు, ఇక్కడ పెండ్లివారిని మోయుటకు పనికివచ్చెను.

అరువది యేండ్లు దాటిన అట్టి కారును పునరుద్ధరించువారి పనిలో మనము గమనింపవలసిన సంగతులు మూడు గలవు.

1. మొదట తీసివేయవలెను. ఎం.జి.ఎ. బాడీ వేరు, ఛాసిస్ వేరు. బోల్టులు విప్పి బాడీని పైకెత్తిననేగాని ఛాసిస్ స్థితి పూర్తిగా తెలియదు. ముందు చక్రముల వెనుక, తలుపుల క్రింద, బురద చేరి రేకును లోపలనుండి తినివేయును. పైనుండి చూచువానికి అది కనబడదు.

2. కొలత తప్పరాదు. తలుపు క్రిందనున్న గడప రేకు కుళ్ళినయెడల దానిని వెంటనే కోయరాదు. ముందు బాడీకి ఇనుప కడ్డీల ఆధారమిచ్చి, కొలతలు వ్రాసికొని, తలుపును మాటిమాటికి పెట్టి చూచుచు వెల్డింగు చేయవలెను. తొందరపడినచో బాడీ క్రుంగును, తలుపు పడదు. ఆ వంకరను ఏ రంగును సరిచేయలేదు.

3. మంచిదానిని నిలుపవలెను. ఎం.జి.ఎ. బానెటు, డిక్కీ మూత, తలుపుల పైరేకు అల్యూమినియముతో చేసినవి. నేల ప్లైవుడ్డు పలకలు. పలకలు కుళ్ళినచో మార్చవచ్చును. గట్టిగానున్న రేకును పారవేయరాదు. అంతయు క్రొత్తదైనచో, పాత పేరు పెట్టుకొనిన వేరొక కారే మిగులును.

సున్నము కొట్టిన సమాధులనుగూర్చి మత్తయి సువార్త 23వ అధ్యాయములో చదివిన మనకు ఈ పాఠము క్రొత్తది కాదు. అయినను రంగుకు డబ్బిచ్చుటకు మనము త్వరపడుదుము. కంటికి కనబడని అడుగు రేకుకు ఇచ్చుటకు వెనుదీయుదుము.

మా తండ్రిగారు ఆ కారును టింకరింగు షెడ్డుకు తీసికొనిపోయి అడుగంతయు కోయించి క్రొత్త రేకు వేయించిరి. డబ్బు అంతటితో అయిపోయినందున రంగు వేయించలేదు. మచ్చలతోనే అది అనేక సంవత్సరములు మమ్మును మోసెను. చివరకు అమ్మునప్పుడు, కొనవచ్చినవానికి ఆయన మొట్టమొదట మ్యాటు ఎత్తి అతుకులను చూపిరి. ధర తగ్గెను. ఆ రాత్రి ఆయన సుఖముగా నిద్రించిరి.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మన యింటిలో, మన పనిలో, లప్పము పెట్టి దాచినది ఏమైన గలదా?

2. మనము అమ్మువారమైనప్పుడు మ్యాటు ఎత్తి చూపుదుమా?