చిన్నాడు ఏ సీన్లో లేచిపోయాడు?

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. పెద్దాడు స్కూలు బస్సులో అందరి ముందూ తమ్ముణ్ణి వెక్కిరించాడనీ, పండగపూట గొడవెందుకని నువ్వు వాడిచేత సారీ చెప్పించి, ముగ్గురూ కూర్చుని 'హోమ్ అలోన్' రెండో భాగం పెట్టుకున్నారనీ రాశావు. చిన్నాడు మధ్యలోనే లేచెళ్ళి పడుకున్నాడని ఒక్క ముక్క రాసి వదిలేశావు. నా ప్రాణం అక్కడే ఆగిపోయింది.

ఏ సీన్లో లేచాడమ్మా? 1992లో వచ్చిన ఆ సినిమా మీ పెదనాన్నా నేనూ ఎన్నిసార్లు చూశామో. మొదట్లోనే స్కూల్లో క్రిస్మస్ కార్యక్రమం. కెవిన్ పాడుతుంటే అన్న బజ్ వెనక నిలబడి వాణ్ణి ఆటపట్టిస్తాడు. హాలంతా నవ్వు. కెవిన్ ఉక్రోషంతో ఒక్కటిస్తాడు. ఇంటికొచ్చాక బజ్ ఎంతో వినయంగా క్షమాపణ చెప్తే పెద్దవాళ్ళు కరిగిపోతారు. తమ్ముడికి మాత్రమే వినపడేలా వాడు ఇంకో మాట అంటాడు. అందుకే కెవిన్ సారీ చెప్పనంటాడు, ఇంటిల్లిపాదికీ చెడ్డవాడవుతాడు. మీ చిన్నాడి చెవిలో ఏం పడిందో అడిగావా?

నాకెందుకింత బాధంటే, ఒకప్పుడు ఆ బజ్‌ని నేనే. మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకం. మా బాబాయి కొడుక్కి నత్తి. అయినా దేవదూత వేషం వాడిదే, నెల రోజులు చెరువుగట్టు మీద మాటలు వల్లెవేశాడు. వాడు స్టేజీ మీద తడబడుతుంటే నేను వెనక ఆడపిల్లల మధ్య కూర్చుని అలాగే అనుకరించాను. నాన్న అందరి ముందూ క్షమాపణ చెప్పమన్నారు. నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుంటూ చెప్పాను. "ప... పర్లేదక్కా" అన్నాడు. అందరూ నన్ను బంగారుతల్లి అన్నారు. మరుసటేడు వాడు స్టేజీ ఎక్కలేదు, ఆ తర్వాతా ఎక్కలేదు. క్యారల్స్‌కి తిరిగేటప్పుడు పెట్రోమాక్స్ లైటు పట్టుకుని ముందు నడిచేవాడు, అంతే. వాడి కూతురి పెళ్ళిలో చేతులు పట్టుకుని మళ్ళీ క్షమించమని అడిగాను. "నీకింకా గుర్తుందా అక్కా?" అన్నాడు. ఈసారి పర్లేదనలేదు. నా చేతులు మాత్రం చాలాసేపు వదల్లేదు.

నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. ఉద్యోగం, ఇల్లు, ఆ చలి, అన్నీ ఒక్కదానివే ఈదుతున్నావు. నీ దగ్గు తగ్గిందా? మిరియాల పాలు తాగు.

క్షమించమని ప్రభువు చెప్పలేదా అంటావు. చెప్పాడు. కానీ ఇంట్లో నిశ్శబ్దం కోసం దెబ్బతిన్న పిల్లాణ్ణి తొందరపెట్టమనలేదు. 'హోమ్ అలోన్' మొదటి భాగంలో మంచు మీద ఉప్పు జల్లే ముసలాయన్ని చూడు. కొడుకుతో మాటల్లేక, మనవరాలి పాట వినడానికి చర్చిలో ఓ మూల కూర్చుంటాడు. కెవిన్ ఆయన్ని బలవంతపెట్టడు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటాడు. ఆయన భయం ఆయన తీర్చుకున్నాకే కొడుకు గుమ్మంలోకి వస్తాడు.

పెద్దాణ్ణి కొట్టకు. వాడూ నా బంగారుకొండే. ఆ బస్సులో వాణ్ణి ముందు ఎవరు వెక్కిరించారో కనుక్కో. 2000లో వచ్చిన గ్రించ్ సినిమాలో, చిన్నప్పుడు గ్రించ్‌ని చూసి క్లాసంతా నవ్విందన్న సంగతి ఒక చిన్నపిల్ల ఊళ్ళో అడిగి తెలుసుకునేదాకా ఎవరికీ పట్టలేదు.

చిన్నాడి పక్కన ఊరికే పడుకో. అడగకుండా వాడే చెప్తాడు. వాణ్ణి 'పర్లేదు' అనమనకు.

గులాబీ పువ్వులూ కజ్జికాయలూ పార్సిల్ చేశాను. చిన్నాడు మెలకువగా ఉన్నప్పుడు ఫోన్ చెయ్యి. ఈ సంగతి ఎత్తను. వాడి గొంతు వింటే చాలు.

నీ పెద్దమ్మ